నలభై ఒకటో పేజీ పిండిగిర్ని

హుజూరాబాద్,
12 అక్టోబర్ 2024.

బామ్మర్ది కుమార్‌కు,

నీ బావ సదానందం దీవెనలు. ఉత్తరం చూసి ఎవరో పోయారని గుండె బాదుకోకు, అందరం బతికే ఉన్నాం. మీ అక్క వనజ మోకాలి నొప్పి ఎప్పటిలాగే ఉంది, నా మీద కోపమూ ఎప్పటిలాగే ఉంది. ఫోన్ చేయక ఉత్తరం ఎందుకంటే, నేను ఫోన్ మానేశాను. సిమ్ము తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను.

కారణం చెప్తాను. మా ఊళ్లో ఓ ప్రైవేటు కాలేజీ వాళ్లు కృత్రిమ మేధ యంత్రమొకటి తెచ్చారు. పేరు జవాబ్‌జీ. చూడటానికి పెద్ద టీవీ, కింద రెండు స్పీకర్లు, అంతే. లోకంలో ఏ ప్రశ్న అడిగినా చెప్తుందట. గ్రంథాలయ వారోత్సవాల ఆఖరి రోజు, నవంబర్ 20న, ఫంక్షన్ హాల్లో దానికీ మనిషికీ జనరల్ నాలెడ్జి పోటీ. కరపత్రం మీద "మనిషా? మిషనా?" అని అచ్చేశారు. మిషను పక్కన మెరుపులు వేశారు, మనిషి పక్కన నా పాస్‌పోర్టు ఫోటో వేశారు. ఆ ఫోటోలో నేను అప్పటికే ఓడిపోయినట్టున్నాను.

నా సంగతి నీకు కొత్త కాదు. లైబ్రరీ కొలువు చేసినన్నాళ్లూ, రిటైరయ్యాకా, హుస్నాబాద్ నుంచి జమ్మికుంట దాకా ఏ గణేశ్ మండపంలో క్విజ్ పెట్టినా బహుమతి మన ఇంటికే వచ్చింది. నాలుగు ప్రెషర్ కుక్కర్లు, పదకొండు గోడ గడియారాలు ఉన్నాయి. తప్పు జవాబు చెప్పని మనిషని పేరు. మీ అక్కకు మాత్రం ఈ పోటీ నచ్చలేదు. "డబ్బతోని పోటేంది నీకు? గెలిస్తే డబ్బను గెలిచిండంటరు, ఓడితే డబ్బకు ఓడిండంటరు" అంటోంది. ఆడవాళ్లకు పెద్ద విషయాలు అర్థం కావు.

ఫోన్లో మాట్లాడేదంతా ఆ యంత్రం వింటుందని కాలేజీ గుమాస్తానే చెప్పాడు. ఉపనదుల దగ్గర నేను జర తడబడతానని నీకు తెలుసు. ఆ ముక్క దాని చెవిన పడొద్దు. ఈ ఉత్తరం చదివి చింపెయ్.

ఇట్లు
మనుషుల తరఫున,
నీ బావ సదానందం.

---

నస్పూర్,
19 అక్టోబర్ 2024.

బావా, శనార్థి!

నీ ఉత్తరం పట్టుకొని పోస్టుమాన్ మా క్వార్టర్ ముందట నిలవడి పేరు వెట్టి పిలిస్తే, బ్యాంకు నోటీసనుకొని మీ చెల్లె తలుపు తియ్యలే. నేను బొగ్గుబాయిల మొదటి షిఫ్టు దిగి వచ్చెదాంక పాపం గాయిన అరుగు మీదనే కూసున్నడు. మా ఇంట్ల చాయ తాగి పోయిండు.

డబ్బతోని పోటి అంటున్నవు గని, నువ్వు ఎవ్వలతోని పోటి వెట్టుకోలే బావా? పీటల మీద కూసున్నోనివి, అయ్యగారు తిథి తప్పు చదివిండని లగ్గం ఆపినవు. గడియ దాటిపోతుందని మా బాపు కండువ నోట్ల కుక్కుకున్నడు. గసొంటి నిన్ను ఒక టీవి ఏం చేస్తది? కరెంటు పోతే అది ఆగిపోతది, నువ్వు కరెంటు పోయినా ఆగవు.

మా షిఫ్టోళ్లందరికి చెప్పిన, మా బావ పుస్తకం రాసినోడని. ఎవ్వలన్న నమ్మకుంటే ఇంటికి తోలుకచ్చి గోడ సూపెడ్త. నువ్వు రాసిన 'కరీంనగర్ జిల్లా జనరల్ నాలెడ్జి' పుస్తకంల నలభై ఒకటో పేజి ఫ్రేము కట్టిచ్చిన కద. "తాటిగుట్టపల్లి చుట్టు పన్నెండు ఊర్లలో మొట్టమొదటి పిండిగిర్ని స్థాపించినవారు: శ్రీ కైలాసం." మా బాపు పేరు అచ్చుల! బాపు పోయి ఎనిమిదేండ్లాయె. బతికున్నప్పుడు గా ముచ్చట ఎత్తితే సాలు, లేచి బైటికి వొయ్యేటోడు. గంత సిగ్గరి మనిషి. గిర్ని గూడ ఎన్నడు నాది అనలే. మా ఊరి లస్మవ్వ నడుపుకుంటుంటే నడుపుకోనిచ్చిండు.

నువ్వు ఫికర్ చెయ్యకు. మనిషి తరఫున నువ్వు, నీ తరఫున మేం.

పైలం బావా,
కుమార్.

---

హుజూరాబాద్,
27 అక్టోబర్ 2024.

కుమార్‌కు,

దీవెనలు. లగ్గం ఆపింది తిథి తప్పినందుకు కాదు, నక్షత్రం తప్పినందుకు. సరిచేసుకో.

శత్రువును ముందుగా చూసి రావడం యుద్ధనీతి కదా, నిన్న కాలేజీకి పోయాను. నన్ను టీవీ ముందు కూర్చోబెట్టారు. ఏది అడిగినా ముందు "చాలా చక్కటి ప్రశ్న, సదానందం గారూ!" అంటుంది. నా అరవై ఒక్క ఏళ్ల బతుకులో నన్ను ఇంత మెచ్చుకున్నవాళ్లు లేరు. "నీళ్లు ఎన్ని డిగ్రీలకు మరుగుతాయి?" అని అడిగినా చక్కటి ప్రశ్నే. పాడె కట్టడం ఎట్లా అని అడిగినా చక్కటి ప్రశ్నే అంటుందేమో. ఒక్కోసారి తప్పు చెప్తుంది, కానీ ఎంత నిబ్బరంగా చెప్తుందంటే, మనకే మన చదువు మీద అనుమానం వస్తుంది. రాజకీయాల్లోకి పోతే పైకొస్తుంది.

అసలు సంగతి వేరే ఉంది. మన జిల్లా గురించి అడిగితే అది నా మాటలే నాకు అప్పజెప్పింది! కామా కూడా మారలేదు. విచారిస్తే, నా పుస్తకాన్ని ఎవరో స్కాన్ చేసి దానికి తినిపించారట. వెయ్యి కాపీలు వేయించాను. ఆరువందల నలభై మిగిలితే మిర్చిబజ్జీల బండికి పోయాయి. ముప్పై ఏళ్లలో ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన మొదటి ప్రాణి ఈ డబ్బానే. ఒక్క నిమిషం దాని మీద ప్రేమ పుట్టింది కుమార్, దాచను.

కానీ అప్పటి నుంచి నిద్ర లేదు. ఆ పుస్తకం తొందరలో రాసింది. కొన్ని సంగతులు ప్రెస్సులో నిలబడి రాసినవి. ముఖ్యంగా నలభై ఒకటో పేజీ గురించి నీతో కూర్చుని మాట్లాడాలి, ఉత్తరంలో కుదరదు. నా మాట విని ఆ ఫ్రేమును గోడ మీంచి దించు. ఎందుకని అడగొద్దు.

నీ బావ,
సదానందం.

---

నస్పూర్,
3 నవంబర్ 2024.

బావా, శనార్థి!

సమజైంది! ఎందుకని అడగద్దన్నవు, నేను అడగలే. నలభై ఒకటో పేజి గురించి మాట్లాడాలె, ఫ్రేము దించాలె. అంటె పోటి కాడికి తెమ్మనే కద! నీకు నోరు తెరిచి అడుగుడు శాతగాదు, నాకు ఎర్కనే. దించిన. తుడిచిన. కొత్త అద్దం ఏపిచ్చిన.

ఇంకో ముచ్చట విను, సంబరపడ్తవు. గా కాలేజోళ్లు "ప్రజలు కూడా ప్రశ్నలు పంపవచ్చు" అని కరపత్రం కింద రాసిండ్రు కద. నేనొకటి పంపిన. ఏ ప్రశ్ననో చెప్పుకో సూద్దాం! తాటిగుట్టపల్లి చుట్టు పన్నెండు ఊర్లల్ల మొదటి పిండిగిర్ని ఎవలు వెట్టిండ్రు? స్థానిక ప్రశ్న బాగున్నది, ఆఖరుకు అడుగుతమని గాళ్లు ఫోన్ చేసిండ్రు. రాసినోనివే నువ్వైతివి, ఇగ నిన్ను మించి ఎవడు చెప్తడు? ఉపనదులు వోతే వోనీ, ఆఖరి ప్రశ్న నీ జేబుల ఉన్నట్టే.

మా షిఫ్టోళ్లు పద్నాలుగు మందిమి వ్యాన్ మాట్లాడుకున్నం. బాపు ఫోటోతోని ఫ్లెక్సీ కొట్టిపిస్తున్న, ఎనిమిది అడుగులు. ఊర్ల సర్పంచ్‌ గిరి చేసినాయినతోని గూడ మాట్లాడిన, మూలమలుపుకు 'కైలాసం చౌరస్త' అని పేరు వెడ్దామన్నడు. పోటిల పదిమంది ముందట మా బాపు పేరు వినవడ్డంక బోర్డు పాతుతరట.

బాపు బతికుంటే గీ పొద్దు సిగ్గుతోని యాడ దాసుకునునో!

కుమార్.

---

హుజూరాబాద్,
8 నవంబర్ 2024.
రిజిస్టర్ పోస్టు

కుమార్,

ఫ్లెక్సీ ఆపు. ప్రశ్న వాపసు తీసుకో. చౌరస్తా ముచ్చట ఎత్తొద్దు. ఫోన్లోనే చెప్దామని పక్కింటాయన ఫోన్ మూడుసార్లు చేతిలోకి తీసుకున్నాను, మూడుసార్లూ తిరిగిచ్చేశాను. కాయితమే నయం, దానికి కళ్లుండవు.

నేను అబద్ధం రాసిన కుమార్. గిర్ని మీ బాపు పెట్టలే.

1994లో నాకు ముప్పై ఒక్క ఏళ్లు. కొలువు లేదు, పిల్ల లేదు, ఉన్నది జనరల్ నాలెడ్జి ఒక్కటే. ఓ పెళ్లిలో మీ అక్కను చూశాను. పెద్దమనిషిని పంపితే మీ బాపు "పుస్తకాలు రాసెటోనికి పిల్లనిచ్చి నేనేం సదువుకోవాల్నా?" అన్నాడు. నేను ప్రెస్సులో ఉన్నాను అప్పుడు. నలభై ఒకటో పేజీ అడుగున రెండు లైన్ల జాగా ఖాళీ ఉంది, ఏదన్నా ఇయ్యమని కంపోజిటర్ తొందరపెట్టాడు. తాటిగుట్టపల్లిలో గిర్ని ఉందని తెలుసు. అది లస్మవ్వ గిర్ని అని ఊరంతా అంటారనీ తెలుసు. నా చేయి మీ బాపు పేరు రాసింది. పుస్తకం అందిన ఎనిమిదో రోజు మీ బాపు దగ్గర్నుంచి కబురొచ్చింది, పిల్లనిస్తాం రమ్మని. నా జీవితంలో అతి తెలివైన జవాబు అదేనని ముప్పై ఏళ్లుగా మురిసిపోతున్నాను.

ఇప్పుడు ఆ ప్రశ్న నా ముందు పెడితే నేనేం చెప్పాలి? కైలాసం అంటే, బతికున్న లస్మవ్వ పొట్టకొట్టి వెయ్యి మంది ముందు అబద్ధమాడినట్టు. లస్మవ్వ అంటే, మీ అక్క ముందు వాళ్ల బాపు పరువు తీసినట్టు. మీ అక్కకు వాళ్ల బాపు అంటే ఎంత ప్రాణమో నీకు తెలుసు. ఆ గడప దాటి పోతే మళ్లీ రాదు. నా సంసారం నీ చేతుల్లో ఉంది.

నీకు మొక్కుతా, ప్రశ్న వాపసు తీసుకో. అక్కకు చెప్పకు.

సదానందం.

---

నస్పూర్,
16 నవంబర్ 2024.

బావా,

నీ తరఫు నుంచి ఉలుకు లేదు పలుకు లేదు. చదువుల మునిగినట్టున్నవు. మొన్న రిజిస్టరు కాయితం ఒకటి వచ్చిందట, బ్యాంకుదే కావచ్చని మీ చెల్లె దస్కతు వెట్టక పోస్టాఫీసుకే తిప్పి తోలింది. మంచిదే అయింది.

ఫ్లెక్సీ వచ్చింది. బాపు మీసాలకు జర రంగు ఎక్కువ వడ్డది, సినిమా మనిషి లెక్క ఉన్నడు. బుధవారం పొద్దున బయలెల్లుతున్నం. అక్కను ముందు వరుసల కూసోవెట్టు.

కుమార్.

---

హుజూరాబాద్,
23 నవంబర్ 2024.

కుమార్,

పోటీ మధ్యలో మీరంతా లేచి వెళ్లిపోయారు కాబట్టి మిగతాది చెప్తాను. నువ్వు వినాలనుకోకపోయినా రాస్తాను.

పందొమ్మిది ప్రశ్నలకు ఇద్దరం సమానంగా ఉన్నాం. ఉపనదులు కూడా దాటాను. ఆఖరి ప్రశ్న చదువుతుంటే ఎదురుగా ఎనిమిది అడుగుల మీ బాపు నన్నే చూస్తున్నాడు. మీ పద్నాలుగు మంది అప్పుడే చప్పట్లు కొట్టారు. మీ అక్క ముందు వరుసలో కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. ఆమె మొహంలో అంత వెలుగు మా పెళ్లిలో కూడా చూడలేదు. నేను బటన్ నొక్కాను. "లస్మవ్వ" అన్నాను.

"తప్పు" అంది యాంకరమ్మ. అప్పుడు జవాబ్‌జీ అందుకుంది. "చాలా చక్కటి ప్రశ్న! సరైన సమాధానం శ్రీ కైలాసం. ఆధారం, సదానందం గారి అమూల్య గ్రంథం, నలభై ఒకటో పేజీ." హాలంతా చప్పట్లు. నేను మైకు గుంజుకొని, ఆ పుస్తకం రాసింది నేనే, ఆ మాట అబద్ధం, పిల్లనిస్తడని రాసిన అని చెప్పేశాను. అక్కడిదాకా మీరు విన్నారు. నువ్వు ఫ్లెక్సీ చుట్టుకున్నావు. మీ అక్క లేచింది. నా వైపు ఒక్క చూపు చూసి, నీ వెనక నడిచింది.

ఆ తర్వాత జరిగింది విను. న్యాయనిర్ణేత, ఆ కాలేజీ ప్రిన్సిపాలే, "సార్, మాకు పుస్తకమే ప్రమాణం" అన్నాడు. పుస్తకం నాదే కదయ్యా అన్నాను. "రాసినవారు మర్చిపోతారు సార్, అచ్చు మర్చిపోదు" అన్నాడు. నేను ఒర్రుతుంటే ఆ డబ్బా ఎంత నెమ్మదిగా మాట్లాడిందో తెలుసా? "సదానందం గారి ఆవేదనను అర్థం చేసుకోగలను. వయసు పైబడ్డాక రచయితలు తమ రచనలను తామే సందేహించడం సహజం. వారికి విశ్రాంతి అవసరం." మళ్లీ చప్పట్లు. నాకు మంచినీళ్లు ఇచ్చారు.

టీవీకి శాలువా కప్పారు. జారిపోతుంటే టేపు వేసి అంటించారు. స్మార్ట్‌ఫోన్ బహుమతి కూడా దానికే. నాకు ఓదార్పుగా గోడ గడియారం ఇచ్చి పంపారు. ఇంటికొస్తే తాళం. చెవి పక్కింట్లో ఉంది.

నాలుగు రోజులుగా అన్నం మాడుస్తున్నాను. నిజం చెప్పినందుకు ఇంత శిక్షా? మీ అక్కకు నచ్చజెప్పు. ఎప్పుడు వస్తుందో రాయి.

సదానందం.

---

నస్పూర్,
29 నవంబర్ 2024.

సదానందం గారికి,

నమస్కారం. ఇగ బావా అని రాయబుద్ధి అయితలేదు.

మీరు పంపిన రిజిస్టరు కాయితం పోటి అయిన మూడో నాడు నేనే పోయి తెచ్చుకున్న. చదివిన. ముప్పై ఏండ్లు మా ఇంట్ల మటన్ తిని, మా బాపు పక్కకు కూసోని, ఒక్క నాడు నాలిక మీదికి రాలే మీకు. వెయ్యి మంది ముందట మాత్రం మైకు గుంజుకొని మరీ వచ్చింది. నిజం చెప్పాలనిపిస్తే ఇంట్ల చెప్పచ్చు. మీకు నిజం సుత ఆటల గెలువనీకే కావాలె.

వ్యాన్ల వచ్చేటప్పుడు ఫ్లెక్సీ కాళ్ల కింద వెట్టుకొని కూసున్న. మా బాపు మీసాల మీద బూట్లు వడ్తున్నయ్.

ఇంకోటి వినుండ్రి, నవ్వుకుందురు. పోటి ముచ్చట పేపర్లల్ల వచ్చింది గద. గా జవాబ్‌జీ ఇప్పుడు ఫోన్లల్ల సుత వచ్చింది, మొన్న మావోళ్లు దాన్నే అడిగిండ్రు, తాటిగుట్టపల్లిల మొదటి గిర్ని ఎవలు వెట్టిండ్రని. గది ఏమన్నదో ఎర్కేనా? "ప్రముఖ క్విజ్ నిపుణులు శ్రీ సదానందం గారు స్థాపించారు" అన్నది! మా బాపు పేరు వాయె, లస్మవ్వ పేరు వాయె, మీ పేరు తేలె. ఒడ్లు దంచింది ఒకలు, బువ్వ తిన్నది ఒకలు. పోయి మీరే చౌరస్త బోర్డు పాతుకోండ్రి.

అక్క మంచిగనే ఉన్నది. మీ పేరెత్తితే లేచి పొయ్యికాడికి పోతది. ఎందుకక్కా గింత కోపం అంటే, "ఆయినకు ఏం తెల్వదురా" అంటది. మళ్ల గదే మాట. ఇంకేం చెప్పదు.

కుమార్.

---

హుజూరాబాద్,
7 డిసెంబర్ 2024.

కుమార్,

గారూ మీరూ అని నువ్వు రాసిన ప్రతి అక్షరం చెప్పు తీసుకుని కొట్టినట్టే తగిలింది. తగలాల్సిందే. కానీ ఈ ఉత్తరం చించకుండా చదువు, ఇది మీ బాపు సంగతి.

ఆదివారం హుస్నాబాద్ మీదుగా తాటిగుట్టపల్లి పోయాను. ఎవరు ఛీ అన్నా లస్మవ్వ కాళ్లకు దండం పెట్టి, నీ పేరు తిరిగి తెచ్చాను అత్తా అని చెప్పుకోవాలనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆమె నాలుగు మంచి మాటలు అంటే ఆ మాటలు నీకు రాయొచ్చని ఆశ. లస్మవ్వ గడపలో కూర్చుని కందులు చెరుగుతోంది. అంతా విన్నది. చాట కింద పెట్టి నా మొహం చూసింది.

"తప్పు చెప్పినవు అల్లుడా. గా డబ్బనే కరెక్టు చెప్పింది" అంది.

ఆమే చెప్పింది, ఆమె మాటల్లోనే రాస్తాను. "మా ఇంటాయిన మీ మామ పొలంల బాయి తవ్వంగ ఒడ్డు కూలి పోయిండు. నాకు ఇరవై ఐదేండ్లు, సంకల పిల్ల. ఇంటింటికి పిండి విసిరి విసిరి చేతులు బొబ్బలెక్కె. మీ మామ రెండేండ్లు నా మొకం సూడలేకపోయిండు. ఒకనాడు జోడెడ్లను సంతల అమ్మి గిర్ని ఇంజను తెచ్చి నా ముందట వెట్టిండు. ఇంట్ల ఎడ్లను దొంగలు తోలుకపోయిండ్రని చెప్పిండు. మీ అత్త నెలదినాలు ఎడ్ల కోసం శోకాలు వెట్టింది. ముండమోసినదానికి ఇంజను కొనిచ్చిండంటే ఊరు ఊకుంటదా? గందుకే నీదే అని చెప్పుకో లస్మవ్వా అన్నడు. చెప్పుకున్న."

తర్వాత నవ్వింది కుమార్. పళ్లు లేని నోటితో చాలాసేపు నవ్వింది. "నీ పుస్తకం వచ్చిన రాత్రి మీ మామ తెల్లారకముందే ఉరికొచ్చిండు. గా సదానందం పోరనికి ముచ్చట తెలిసిపోయింది, అచ్చేసిండు, ఇగ ఊరంత చాటుతడని గజ్జగజ్జ వణికిండు. నేనే చెప్పిన, పిల్లనియ్యి, ఇంటల్లుడైతే ఇంటి గుట్టు బయటవెట్టడని. లేకుంటే కొలువు లేనోనికి ఎవలిస్తరు నీకు?"

మెచ్చి ఇచ్చాడనుకున్నాను, నోరు మూయించడానికి ఇచ్చాడు. నా అతి తెలివైన జవాబు గాలిలో వేసిన రాయి, అది పోయి నిజానికి తగిలింది. మొన్న నిజం చెప్పాలని లేచి అబద్ధం చెప్పాను. ఆ టీవీకి కప్పిన శాలువా న్యాయమైనదే. చెప్పుకుంటే సిగ్గు, అది గెలిచింది నా వల్లే.

"ముప్పై ఏండ్ల సంది నా ఇంటి ముందటికెల్లే అత్తగారింటికి పోతివి. ఒక్కనాడన్న ఆగి, అత్తా, గీ గిర్ని యాడిది అని అడిగితివా?" అంది లస్మవ్వ, నేను లేచేటప్పుడు. కందులు ఒక సంచిలో పోసి ఇచ్చింది కూడా. తెచ్చుకున్నాను.

మీ బాపు ఫ్లెక్సీకి సరిపోయే మనిషి కాదు కుమార్, దానికంటే చాలా పెద్దమనిషి. దాన్ని కాళ్ల కింది నుంచి తియ్. ఈ సంగతంతా మీ అక్కకు చదివి వినిపించు. పాపం, ఆమెకు ఇవేమీ తెలియవు. వాళ్ల బాపు గొప్పతనం తెలిస్తే కోపం పోతుంది. ఆమె ఎప్పుడు వస్తుందో నువ్వే కనుక్కుని రాయి.

నీ బావ అని రాసుకోవచ్చో లేదో తెలియక,
సదానందం.

---

నస్పూర్,
13 డిసెంబర్ 2024.

బావా,

శనార్థి. చదివి మస్తు ఏడ్సిన. షిఫ్టుకు పోలే. ఫ్లెక్సీ కడిగి ఆరేసిన, గని కట్ట. చౌరస్తకు పేరు వద్దని సర్పంచాయినకు చెప్పిన. లస్మవ్వ బతికుండంగ బాపు దాసిపెట్టిన ముచ్చటను మనం బోర్డు మీద ఎక్కియ్యద్దు.

నీ ఉత్తరం అక్కకు చదివి వినిపిచ్చిన. ఎడ్ల కాడ నవ్వింది. "ఆమెకు ఇవేమీ తెలియవు" అన్నకాడ మాత్రం నా చేతుల కాయితం గుంజుకున్నది. కలం గూడ గుంజుకుంటుంది బావా, ఇగ నీ పని నీది.

నేను వనజను రాస్తున్న.

ఇంజను వచ్చిననాడు బండి మీద నేను గూడ ఉన్న. ఆరేండ్లదాన్ని. ఎడ్లు లేవు, మందిని అడుక్కొని తెచ్చిన బండి. మీ అవ్వకు చెప్పకు బిడ్డా అని బాపు నాకు పేలాల ముద్ద కొనిచ్చిండు. అవ్వ ఎడ్లకోసం ఏడుస్తుంటే నేను పక్కకు కూసోని ఊకుండవెట్టిన గని చెప్పలే.

నీ పుస్తకం వచ్చిననాడు నేనే మొదలు చదివిన. ఊర్ల ఒక్క పురుగుకు తెల్వని ముచ్చట గీయినకు తెలిసె, ఎంతమందిని అడిగి, ఎంత తిరిగి పట్టుకున్నడో అనుకున్న. కొలువు లేదన్నరు, వయసు పోయిందన్నరు. చేసుకుంటే గాయిననే అన్న. బాపు భయపడె కావచ్చు, నేను మాత్రం భయపడి చేసుకోలే. నీ తెలివిని చూసి చేసుకున్న.

నువ్వు గా ముచ్చట నాతోని గూడ ఎన్నడు ఎత్తకపోతే, మా బాపు గుట్టు కడుపుల దాసుకున్నవని ఇంకింత మురిసిన. నీకు తెలుసన్న ముచ్చట నేను గూడ దాసుకున్న. పోటి నాడు మైకుల చెప్తివి, నీకేం తెల్వదని. ముప్పై ఏండ్ల సంది నీ కడుపుల ఏం లేదు, నేనే ఏదో ఉన్నదనుకున్న. బాపు పరువు పోయిందని కాదు నేను లేచింది. నా పరువు పోయింది, నా లోపల్నే.

నాకు ఇవేమీ తెలియవని రాసినవు. నన్ను ఎన్నడన్న ఏదన్న అడిగినవా? కూరల ఉప్పు ఎంతున్నదో నువ్వే చెప్తవు. నా మోకాలు ఎందుకు నొస్తుందో నువ్వే చెప్తవు. నేను ఎప్పుడు వస్తనో గది గూడ కుమార్‌ను అడుగుతివి.

వచ్చే శుక్రారం బస్సెక్కి నస్పూర్ రా. కందులు తే. నా ముందట నిలవడి, నన్ను అడుగు, వస్తవా అని. దాని జవాబు నీకు తెల్వది.

వనజ.